ఇరవై మీటర్లు వెనక్కి జరిగిన సైకిలు బాట

సముద్రపు ఒడ్డున తడి ఇసుకలో నిలబడితే, వెనక్కి పోయే అల మీ పాదాల కింది ఇసుకను లాక్కుపోతుంది. మడమలు నెమ్మదిగా కిందికి దిగబడతాయి. ఇంకో రెండు అలలు వచ్చేసరికి నిలదొక్కుకోవడానికి మీరు అడుగు మార్చుకోక తప్పదు. మీకు కాళ్ళున్నాయి కనుక సరిపోయింది. మీరున్న చోట ఒక తారుబాట ఉందనుకోండి, అదేం చేస్తుంది? అది అడుగు మార్చుకోలేదు కదా!

ఈ ప్రశ్న మీదే అమెరికాలోని ఒక ఊళ్ళో ఏళ్ళ తరబడి వాదోపవాదాలు జరిగాయి. ఆ ఊరు కాలిఫోర్నియా రాష్ట్రంలోని వెంచూరా. లాస్ ఏంజలస్ నగరానికి వాయవ్యంగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, పసిఫిక్ మహాసముద్రం ఒడ్డున ఉంది. వెంచూరా నది సముద్రంలో కలిసే చోటికి పక్కనే ఉన్న తీరాన్ని 'సర్ఫర్స్ పాయింట్' అంటారు. పొడవాటి పలక మీద నిలబడి అల వాలు వెంట జారిపోయే ఆటే సర్ఫింగు. ఆ ఆటగాళ్ళలో ఈ తీరానికి మంచి పేరుంది.

1989లో అక్కడ ఒడ్డు వెంబడి సైకిళ్ళ కోసం తారుబాట వేశారు. దాని పక్కనే కార్లు నిలుపుకొనే స్థలం కూడా తయారైంది. సైకిలు బాట అంటే ఎవరికి అభ్యంతరం ఉంటుంది చెప్పండి? పొగ లేదు, మోత లేదు, పైగా ఒంటికి వ్యాయామం. కాని కొద్ది సంవత్సరాలు తిరిగేసరికి శీతాకాలపు కెరటాలు బాట అంచును కొరకడం మొదలుపెట్టాయి. తారు ముక్కలు ముక్కలుగా విరిగి ఇసుకలో పడింది. బాటను కంచె వేసి మూసేయవలసి వచ్చింది.

తారు అంత గట్టిగా ఉంటుంది కదా, నీళ్ళకు ఎలా విరిగిందని మీకు సందేహం రావచ్చు. అల తారును పైనుంచి బద్దలు కొట్టలేదు. మీ మడమల కింద చేసిన పనే దాని కింద కూడా చేసింది. అంచు కింది ఇసుక జారిపోతే పైపొర గాలిలో చూరులా వేలాడుతుంది. వేలాడే పొరకు తన బరువే భారం. అది కాస్తా విరిగి పడుతుంది. తరువాతి అల ఇంకాస్త లోపలికి తవ్వుతుంది.

అసలు పొరపాటు ఎక్కడుందో తెలియాలంటే ఇసుకతీరం ఎలా బతుకుతుందో తెలియాలి. 'బతుకుతుంది' అని ఊరికే అనలేదు. తీరం పొలం లాగా ఒక చోట స్థిరంగా ఉండే నేల కాదు. వెంచూరా వంటి చోట్ల శీతాకాలంలో పెద్ద అలలు ఒడ్డు మీది ఇసుకను లాగి, కొంత దూరంలో నీటి అడుగున గట్టులా పోస్తాయి. అప్పుడు ఒడ్డు సన్నబడుతుంది. వేసవిలో చిన్న అలలు అదే ఇసుకను కొంచెం కొంచెంగా తిరిగి తెచ్చి ఒడ్డున పరుస్తాయి. ఒడ్డు మళ్ళీ వెడల్పవుతుంది. నీటి అడుగున పోసిన ఆ గట్టు కూడా వృథా కాదు. పెద్ద అలలు దాని మీదనే విరిగి, సగం బలం పోగొట్టుకుని ఒడ్డు చేరతాయి. అంటే తుఫాను రోజుల్లో తీరం తన ఇసుకనే ముందుకు నెట్టి డాలుగా వాడుకుంటుందన్నమాట!

అల ఒడ్డుకు తిన్నగా రాదు, కాస్త ఏటవాలుగా వస్తుంది. అందువల్ల ఇసుక ముందుకూ వెనక్కూ ఊగుతూనే పక్కకు కూడా ప్రయాణం చేస్తుంది. వెంచూరా ప్రాంతంలో ఈ ప్రయాణం పడమర నుంచి తూర్పుకు సాగుతుంది. చివరికి మ్యూగూ అనే చోట సముద్రం అడుగున ఉన్న లోతైన లోయలోకి ఇసుక జారిపోతుంది. అక్కడికి చేరిన ఇసుక మళ్ళీ ఒడ్డు మొహం చూడదు. అందుకని తీరం నిలవాలంటే పోయినదానికి బదులు కొత్త ఇసుక వస్తూ ఉండాలి. తెచ్చేది ఎవరు? ముఖ్యంగా నదులు.

వెంచూరా నది పొట్టిది, కాని దూకుడు ఎక్కువ. కొండల మీద గట్టి వాన పడితే ఇసుకనే కాదు, పిడికిలి నుంచి కొబ్బరికాయంత దాకా ఉన్న గుండ్రాళ్ళను కూడా దొర్లించుకొస్తుంది. వేల ఏళ్ళుగా ఆ రాళ్ళు పోగుపడే సర్ఫర్స్ పాయింట్ ఏర్పడింది. అయితే 1947లో ఈ నదికి నీరిచ్చే మటిలీహా అనే వాగు మీద కాంక్రీటు ఆనకట్ట కట్టారు. నీళ్ళు నిలవ చేయాలని కట్టిన ఆనకట్ట నీళ్ళతో పాటు ఇసుకను, రాళ్ళను కూడా పట్టి ఉంచింది. ఇప్పుడా జలాశయం దాదాపు పూర్తిగా మట్టితో పూడిపోయింది. తీరానికి రావలసిన సరుకు కొండల్లోనే ఆగిపోయిందన్నమాట. జమ తగ్గింది, ఖర్చు తగ్గలేదు. అటువంటి తీరంలో, అల అందుకోగలిగినంత దగ్గరగా బాట వేశారు.

బాట విరగగానే, అడ్డంగా బండరాళ్ళు పేర్చి గోడ కడదామన్న ఆలోచన వచ్చింది. ఇది తెలివితక్కువ ఆలోచనేమీ కాదు. వెనక ఉన్నది ఏటా జాతర జరిగే ప్రదర్శనశాల మైదానం. స్థలం కోల్పోయేది వాళ్ళే, కార్లు నిలిపే చోటు తగ్గేది వాళ్ళకే. కళ్ళ ముందు నేల కరిగిపోతుంటే ఎవరైనా మొదట గోడ గురించే ఆలోచిస్తారు.

ఒప్పుకోనివారు సర్ఫింగు ఆటగాళ్ళు, తీరాన్ని ప్రేమించే ఊరివాళ్ళు. 1984లో కాలిఫోర్నియాలోనే పుట్టిన సర్ఫ్‌రైడర్ ఫౌండేషన్ అనే సంస్థ వారి తరఫున నిలిచింది. వారు సైకిళ్ళకు వ్యతిరేకులు కారు. చాలామంది తీరానికి వచ్చేది సైకిళ్ళ మీదే! వారి అభ్యంతరమల్లా బాట ఉన్న చోటు గురించి, దాన్ని కాపాడే పేరుతో రాబోయే గోడ గురించి. గోడ కడితే బాట మిగులుతుంది, తీరం పోతుందని వారి వాదన.

ఇది నిజమో కాదో మీరే పరీక్షించవచ్చు. ఒక పాత ప్లాస్టిక్ తొట్టెలో సగం దాకా తడి ఇసుక పోసి, వాలుగా సర్దండి. ఖాళీగా ఉన్న వైపు నీళ్ళు పోయండి. చెక్క స్కేలుతో నీటిని నెమ్మదిగా నెడుతూ యాభై అలలు పుట్టించండి. ఇసుక జారుతుంది, సర్దుకుంటుంది, చివరికి ఒక మెత్తని వాలు ఏర్పడుతుంది. ఇప్పుడు ఇసుకను మళ్ళీ సర్ది, నీటి అంచు దగ్గర పగిలిన పలక ముక్కను నిలువుగా గుచ్చండి. మళ్ళీ యాభై అలలు. వాలు మీదికి పాకి అలసిపోవలసిన నీరు పలకకు కొట్టుకుని, అదే ఊపుతో వెనక్కి తిరుగుతుంది. పలక మొదట్లో చిన్న గుంట పడటం చూస్తారు. ఒకసారికి కుదరకపోతే అలల బలం మార్చి మళ్ళీ చేయండి.

గోడ వల్ల ఇంకొక చిక్కు ఉంది. ఇది తొట్టెలో కనబడదు. గోడ లేని తీరం, సముద్రం ముందుకొస్తే తాను వెనక్కి జరుగుతుంది. వెడల్పు అంతే ఉంటుంది. వెనక గోడ ఉంటే జరగడానికి చోటేదీ? నీటికీ రాతికీ మధ్య నలిగి మాయమవుతుంది. ప్రపంచ సముద్రమట్టం సగటున 1901 నుంచి 2018 లోపల సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. వాలు తక్కువగా ఉన్న తీరంలో నీరు 20 సెంటీమీటర్లు పైకి లేస్తే, ఒడ్డు మీదికి ఎన్నో మీటర్లు పాకుతుంది.

1990ల నడుమ నుంచి అన్ని పక్షాలవారూ ఒక చోట కూర్చుని మాట్లాడుకోసాగారు. నగరపాలకులు, మైదానంవారు, ఆటగాళ్ళు, ఇంజనీర్లు, రాష్ట్ర తీర సంరక్షణ అధికారులు. చర్చలు, అనుమతులు, నిధుల వేట అంటూ పదేళ్ళు దాటిపోయాయి. ఓపిక పట్టినవాళ్ళను మెచ్చుకోవాలి! చివరికి కుదిరిన ఉపాయం చాలా సాదాగా ఉంది. సముద్రాన్ని వెనక్కి నెట్టడం కాదు, మనమే వెనక్కి జరగడం.

2010లో పనులు మొదలై 2011లో మొదటి దశ పూర్తయింది. విరిగిన తారును పెకలించివేశారు. బాటను సుమారు 20 మీటర్లు లోపలికి జరిపి కొత్తగా వేశారు. ఖాళీ అయిన చోట లోతుగా తవ్వి, నది తెచ్చే రకపు గుండ్రాళ్ళనే నింపారు. వాటి మీద ఇసుక పోసి దిబ్బలుగా మలచి, అక్కడి తీరపు మొక్కలు నాటారు.

గుండ్రాళ్ళు కూడా రాళ్ళే కదా, గోడకూ వీటికీ తేడా ఏమిటని అడుగుతారా? మంచి ప్రశ్న. గోడలోని బండలు కదలకూడదు, కదిలితే గోడ చెడినట్లే. గుండ్రాళ్ళు కదలాలి. అల వచ్చినప్పుడు నీరు రాళ్ళ సందుల్లోకి ఇంకిపోతుంది. రాళ్ళు గలగలమని దొర్లుతూ ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. అల బలం ఆ కదలికలోనే ఖర్చయిపోతుంది. వెనక్కి లాగే నీటికి ఇసుకను మోసుకుపోయే సత్తువ మిగలదు. పైన దిబ్బల మీది మొక్కలు గాలికి ఎగిరే ఇసుకను పట్టి నిలుపుతాయి. మన కోస్తాలో ఊదారంగు పూలు పూసే తీగ ఇసుక తిన్నెల మీద అల్లుకుపోవడం మీరు చూసే ఉంటారు. అది చేసే పని కూడా ఇదే.

2015–16 శీతాకాలంలో ఎల్ నీన్యో ప్రభావంతో కాలిఫోర్నియా తీరాన్ని పెద్ద కెరటాలు బాదాయి. జరిపి కట్టిన భాగం వాటికి బాగానే తట్టుకుంది. డబ్బు చాలక చాలా ఏళ్ళు ఆగిపోయిన మిగతా సగం మాత్రం కోతకు గురవుతూనే వచ్చింది.

కాకినాడ నుంచి ఉప్పాడ వైపు బీచి రోడ్డు మీద వెళ్ళినవారికి ఇదంతా ఎక్కడో విన్నట్లే ఉంటుంది. తుఫాను రావడం, రోడ్డు తెగడం, బండరాళ్ళు పోసి మళ్ళీ వేయడం అక్కడ ఎన్నోసార్లు జరిగింది. అయితే వెంచూరా ఉపాయాన్ని తెచ్చి ఇక్కడ అలాగే అతికించలేం. అక్కడ వెనక్కి జరిగింది కార్లు నిలిపే స్థలం. ఉప్పాడలో ఒడ్డున ఉన్నవి జాలరుల ఇళ్ళు, వలలు ఆరేసుకునే చోట్లు. వాళ్ళను 20 మీటర్లు వెనక్కి జరగమనడం ఎంత బరువైన మాటో ఆలోచించండి. లెక్కలు ఇంజనీర్లు వేయగలరు. ఆ మాట అడగవలసింది మాత్రం ఆ ఇళ్ళవాళ్ళనే.

ఇంతకూ ఇసుకను పట్టి ఉంచిన మటిలీహా ఆనకట్ట సంగతి? దాన్ని తొలగించాలన్న ప్రయత్నం ఇరవై ఏళ్ళకు పైగా సాగుతోంది. వెనక పేరుకున్న అంత మట్టిని ఏం చేయాలన్నదే పెద్ద చిక్కు. 2011లో, పేరు తెలియనివారెవరో ఆ కాంక్రీటు గోడ మీద ఒక పెద్ద కత్తెర బొమ్మ గీశారు. దాని పక్కనుంచి కిందిదాకా చుక్కల గీత. దర్జీ గుడ్డ మీద 'ఇక్కడ కత్తిరించాలి' అని గుర్తు పెట్టుకుంటాడే, అచ్చం అలాగే.