వెండితెర ఆలస్యంగా చూసిన పెగ్గీ

1985 మార్చిలో ఉత్తమ సహాయ నటి ఆస్కార్ పెగ్గీ ఆష్‌క్రాఫ్ట్‌కు ప్రకటించారు. ఆమె తరఫున దాన్ని అందుకున్నది ఏంజెలా లాన్స్‌బరీ. 77 ఏళ్ల పెగ్గీ తన పాత సహనటుడు మైఖేల్ రెడ్‌గ్రేవ్ అంత్యక్రియల కోసం ఇంగ్లండ్‌లోనే ఉండిపోయారు. ఆమె ఎలాంటి మనిషో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఆ అవార్డు తెచ్చిపెట్టింది డేవిడ్ లీన్ ‘ఎ ప్యాసేజ్ టు ఇండియా’లోని మిసెస్ మూర్ పాత్ర. రాత్రిపూట మసీదులో భారతీయ వైద్యుడు అజీజ్ గద్దిస్తే, బూట్లు బయటే విడిచి వచ్చానని ఆ ముసలావిడ నెమ్మదిగా చెబుతుంది. పరాయి మతం మీద ఆమెకున్న గౌరవమంతా ఆ గొంతులోనే తెలిసిపోతుంది. సినిమా ప్రేక్షకుల్లో చాలామందికి ఆమె కొత్త ముఖం. లండన్ నాటకాభిమానులు మాత్రం అప్పటికే అర్ధ శతాబ్దంగా ఆమెను నెత్తిన పెట్టుకున్నారు.

1907లో క్రోయ్‌డన్‌లో పుట్టిన పెగ్గీ, 22 ఏళ్లకే సవాయ్ థియేటర్‌లో పాల్ రోబ్సన్ ఒథెల్లోకు డెస్డిమోనా అయ్యారు. నల్లజాతి నటుడి సరసన నటించినందుకు ఆమెకు విద్వేషపు ఉత్తరాలు వచ్చాయి. అయినా ఆమె వెనక్కి తగ్గలేదు. 1935లో గీల్‌గుడ్, ఒలీవియేలు వంతులవారీగా రోమియో వేస్తే ఇద్దరికీ జూలియట్ ఆమే. అదే ఏడాది హిచ్‌కాక్ ‘ది 39 స్టెప్స్’లో కాసేపే కనిపించే రైతు భార్యగా చేశారు. పారిపోతున్న హీరోకు భర్త కోటిచ్చి పంపే ఆ భయస్తురాలిని ఒకసారి చూస్తే మరిచిపోలేం.

నా దృష్టిలో ఆమె శిఖరం 1963 నాటి ‘ది వార్స్ ఆఫ్ ది రోజెస్’. అప్పటికి పెగ్గీకి 55 ఏళ్లు. పీటర్ హాల్, జాన్ బార్టన్ మూడు నాటకాలుగా కుదించిన ఆ షేక్‌స్పియర్ గాథలో మార్గరెట్ రాణి మొదట ఫ్రాన్స్ నుంచి వచ్చిన పడుచు, చివరికి శాపనార్థాలు పెట్టే ముదుసలి. బందీ అయిన యార్క్ తలపై కాగితపు కిరీటం పెట్టి, అతని కొడుకు నెత్తుటిలో తడిపిన రుమాలును కళ్లు తుడుచుకోమని ఇచ్చే ఘట్టం ఘోరమైనది. అంత క్రూరురాలిలోనూ పెగ్గీ మనిషిని చూపించగలిగారు. బీబీసీ చిత్రీకరించబట్టి ఆ నటన దక్కింది. ఆమె వేసిన మిగతా నాటకాల్లో ఎన్నో చూసినవాళ్ల జ్ఞాపకాలతోనే పోయాయి. అది తలచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

తర్వాత బెకెట్ ‘హ్యాపీ డేస్’లో విన్నీ. మొదటి అంకంలో నడుము దాకా, రెండో అంకంలో మెడ దాకా మట్టిలో కూరుకుపోయిన స్త్రీ. చేతులు కూడా కదలవు. ఇక కళ్లూ గొంతుతోనే నాటకం నడపాలి. డెబ్బైకి దగ్గరపడుతూ ఆ సాహసం చేశారామె.

80ల తొలినాళ్లలో ‘ఆల్స్ వెల్ దట్ ఎండ్స్ వెల్’తో రంగస్థలానికి సెలవు చెప్పాకే కెమెరా ఆమెను పూర్తిగా అందుకుంది. 1989లో మళ్లీ పీటర్ హాల్ దర్శకత్వంలోనే ‘షీజ్ బీన్ అవే’ చేశారు. జీవితమంతా మానసిక చికిత్సాలయంలో గడిపి బయటికొచ్చిన వృద్ధురాలి పాత్ర. వెనిస్ ఉత్సవంలో ఉత్తమ నటి గౌరవాన్ని జెరాల్డిన్ జేమ్స్‌తో పంచుకున్నారు. అప్పటికి పెగ్గీ వయసు 81.