కంది గేటు అవతల ఇంకో నేను

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి వెళ్లే బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే కంది దగ్గర ఐఐటీ గేటు కనిపిస్తుంది. బీటెక్ నాలుగేళ్లూ దాన్ని చూస్తూనే మా కాలేజీకి వెళ్లాను. ఆ రోజు ఎంట్రెన్స్‌లో ఇంకో నాలుగు లెక్కలు కరెక్ట్ చేసుంటే? లోపల ల్యాబ్‌లో ఇంకో నేను ఉన్నట్టు, వాడికి బ్యాక్‌లాగ్స్ లేనట్టు ఊహించుకునేవాణ్ని. సమాంతర ప్రపంచాల కథలు పుట్టేది ఇలాంటి ప్రశ్నలోంచే.

ఇది వట్టి ఊహేనా? 1957లో ప్రిన్స్‌టన్ పరిశోధక విద్యార్థి హ్యూ ఎవరెట్ ఒక మాటన్నాడు. క్వాంటం కొలతలో ఒక ఫలితం మిగిలి మిగతావి మాయమైపోవు, అన్నీ జరుగుతాయి, ఒక్కో శాఖలో ఒక్కోటి అని. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అప్పటికే అమెరికా రక్షణ శాఖలో ఉద్యోగంలో చేరిన ఎవరెట్ మళ్లీ యూనివర్సిటీ వైపు రాలేదు. 1982లో 51 ఏళ్లకే చనిపోయాడు. ఇప్పుడు భౌతికశాస్త్రంలో ఆయన పేరు తెలియనివాళ్లు తక్కువ.

ఒక చిక్కుంది. ఎవరెట్ లెక్క ప్రకారం ఆ శాఖల మధ్య రాకపోకలు కుదరవు. తలుపు రచయితే కనిపెట్టాలి, దానికో ధర కూడా పెట్టాలి. ఫిలిప్ పుల్‌మన్ నవలల్లో ఒక కత్తి ప్రపంచాల మధ్య కిటికీలు కోస్తుంది. కానీ కోసిన ప్రతిసారీ ఒక కీడు పుడుతుంది. కథకు బలం అక్కడే.

1991లోనే సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369'లో మనల్ని రాయల కాలానికి, 2504కి తిప్పుకొచ్చారు. అది కాలంలో ప్రయాణం. పక్క ప్రపంచంలోకి మీరు రాయొచ్చుగా!

సరుకు మన బెల్టులోనే ఉంది. ఫ్యాక్టరీలు రాని పటాన్‌చెరు ఎలా ఉండేది? ఇక్కడ కాలుష్యం కేసు 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ ఇంకో ప్రపంచంలో నక్కవాగు నీళ్లు తేటగా ఉంటాయి. కానీ అక్కడ మా నాన్నకు నైట్ షిఫ్ట్ ఉద్యోగం ఉండదు, నాకు కాలేజీ ఫీజు ఉండదు. మీ హీరోయిన్ ఏ ప్రపంచంలో ఉండిపోతుంది? దీనికి తేలిక జవాబు దొరకలేదంటే మీ కథ మొదలైనట్టే.

రాసేవాళ్లకు ఒక్క సలహా: ఒకే ఒక్క మార్పుతో మొదలుపెట్టండి. దాని వల్ల ఇంట్లో, బస్టాండ్‌లో, హోటల్‌లో ఏం మారుతుందో లెక్కేయండి.

మొన్న మళ్లీ అదే బస్సెక్కాను. గేటు అక్కడే ఉంది. అవతలి నేను కూడా అప్పుడప్పుడూ ఈ బస్సు వైపు చూస్తుంటాడేమో!