ఇల్లు అమ్మేముందు

ఉద్యోగ విరమణ తరువాత మేమిద్దరం వృద్ధురాలైన అమ్మగారి దగ్గర ఉండడానికి పల్లెకు వెళ్లాలనుకొని, విశాఖపట్నం గాజువాకలో కట్టుకొన్న ఇల్లు అమ్మాము. పల్లెనుండి వెళ్లి పట్నంలో ఇల్లు కట్టుకొన్న కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి గనుక, మా అనుభవం పదిమందికి పనికివస్తుందని వ్రాస్తున్నాము.

విశాఖలో ఇంటికి మొదటి శత్రువు సముద్రపు గాలి. అందులోని ఉప్పు, తేమ కలిసి కిటికీ ఊచలను, గేటును తినివేస్తాయి. స్లాబులోని చువ్వలు తుప్పుపట్టి ఉబ్బితే సిమెంటు పెచ్చులుగా ఊడుతుంది. ఓడరేవు ప్రక్కన పాతపట్నం ఇళ్లకు బొగ్గు ధూళి కూడా తోడు. అందుచేత గోడల రంగు జోలికి పోకముందే ఊచలను గరుకు కాగితంతో రుద్దించి, రెడాక్సైడు పూయించి పెయింటు వేయించాము. కారే కొళాయిలకు వాషర్లు మార్పించాము. వంటింటి గోడమీద నూనె జిడ్డును సబ్బునీళ్లతో కడిగాము. అటక మీద ఏళ్ల తరబడి పేరుకొన్న సామానులో సగం పంచిపెట్టేసరికి గదులు పెద్దవైనట్లు కనిపించాయి. ఇల్లు చూడడానికి పగటివేళే రమ్మని, కిటికీలన్నీ తెరిచి ఉంచాము. ఆ ఉదయం మాత్రం ఎండుచేపలు వేయించకండి. మేము వేయించాము!

వాస్తు అడిగినవారికి ఏ దిక్కున ఏముందో ఉన్నదున్నట్లు చెప్పాము, వాదనకు దిగలేదు. లింకు డాక్యుమెంట్లు, సబ్-రిజిస్ట్రారు ఆఫీసునుండి తెచ్చిన ఈ.సి., మంజూరైన ప్లాను, ఇంటిపన్ను రసీదులు ఒకే సంచిలో సిద్ధంగా ఉంచాము. ఇంటిమీద బాకీ లేదని కాగితం చూపగలిగితే వచ్చినవారికి సగం భయం తీరుతుంది.

ఇక అసలు చిక్కు చెప్తాము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకు డాబామీది నీళ్ల ట్యాంకు దొర్లి పిట్టగోడ విరిగింది. గోడ తిరిగి కట్టించాము గాని, గట్టివాన పడితే పడకగది మూలన చెమ్మ దిగడం మాత్రం ఆగలేదు. రంగులు వేసే అబ్బాయి, "అమ్మా, లప్పం పెట్టి రెండు కోటింగులు వేస్తే ఎవరికీ కనపడదు. వానాకాలం ఇంకా మూడు నెలలుంది" అన్నాడు. ఆ మాట మమ్మల్ని ఊరించిందని ఒప్పుకొంటున్నాము. అమ్మగారి వైద్యానికి డబ్బు కావాలి. ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు.

క్రొత్త ఇల్లు కట్టినవాడు పైకప్పుకు పిట్టగోడ కట్టాలని, ఎవడైనా పడిపోతే ఆ దోషం ఇంటిమీదికి వస్తుందని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఉన్నది. మన ఇంట్లో నడిచేవారి క్షేమం మనదే అన్నమాట. దేశపు చట్టం చెప్పేదీ దీనికి దగ్గరే. తనకు తెలిసి, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని పెద్ద లోపాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను చెబుతుంది.

మిగిలిన గోడలకు రంగులు వేయించి ఆ మూలను అలాగే వదిలాము. చూడవచ్చిన ఇద్దరు ఆ మచ్చ చూచి మళ్లీ రాలేదు. మూడవసారి వచ్చిన దంపతులకు మేమే ముందుగా చూపించాము. వారు మాట్లాడకుండా వెళ్లిపోయారు. నాలుగు రోజులకు మేస్త్రిని వెంటబెట్టుకొని వచ్చారు. అతడు డాబా ఎక్కి చూచి మరమ్మతు ఖర్చు చెప్పాడు. ఆ మేరకు ధర తగ్గించాము. అనుకొన్నదానికంటే తక్కువే చేతికి వచ్చింది.

తాళాలు ఇచ్చిన రోజున ఆమె చంటిబిడ్డను చంకనెత్తుకొని డాబా మీదికి వెళ్లి, పిట్టగోడను ఒక చేత్తో గట్టిగా నెట్టి చూచింది.