గొర్రు వెనుక నడచు చేయి

మేము మెట్టగ్రామములకు పోయినప్పుడెల్ల వినవచ్చు మాట యొకటి కలదు: "మా పిల్లవానికి గొర్రు తోలుట రాదండీ." తండ్రులు దీనిని కొంత విచారముతోను, కొంత గర్వముతోను చెప్పుదురు. చదువును మేము నిందింపము. ట్రాక్టరునకును విరోధులము కాము. అయినను రైతుసోదరులు ఒక్క సంగతి యోచింపవలెను.

అనంతపురపు ప్రాంతమున సాలుసరి వర్షము సుమారు 550 మిల్లీమీటర్లే. ఆ తేలికపాటి ఎర్రనేలలలో తొలకరి పదును కొలదిదినములే నిలుచును. ఊరంతయు నొక్కనాడే ట్రాక్టరు కొరకు పరుగిడినచో, చిన్నరైతు వంతు వచ్చుసరికి పదును ఆరిపోవును. ఇంట గొర్రును, ఎద్దుల జతయు, విత్తనము వేయనేర్చిన యొక చేయియు నున్నచో ఆ దినముననే విత్తుకొనవచ్చును.

ఈ చేయి సామాన్యమైనది కాదు. జడ్డిగమున గింజలు విడుచుచు వెనుక నడచు తల్లి, ఎద్దుల నడకకు తన పిడికిలిని సరిపుచ్చవలెను. అవి వడిగా నడచిన వడిగాను, నిదానించిన నిదానముగాను విడువవలెను. వెదురుగొట్టములలో నేదేని మన్ను క్రుక్కుకొన్నచో జడ్డిగమున గింజ నిలిచిపోవును. అది వెంటనే కనిపెట్టవలెను. లేకున్న ఆ సాలంతయు మొలవదు, తప్పు తెలియువేళకు వారము గడచిపోవును. మేము ఎన్నియో పాఠములు చెప్పియున్నాము గాని, ఈ పిడికిలిని నల్లబల్లపై వ్రాసి చూపజాలము. నేర్చిన చేతులో, ముసలివగుచున్నవి.

కార్తెల జ్ఞానమును అట్టిదే. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రమున పదుమూడు, పదునాలుగు దినము లుండు కాలమే కార్తె. ఆరుద్ర జూన్ 21, 22 తేదీల ప్రాంతమున ప్రవేశించును. అయితే ఈ లెక్క ఋతువులతో పోల్చిచూడ సుమారు 72 సంవత్సరములకు ఒక దినము వెనుకబడుచుండును. కావున తాతల మాటను కన్నులు మూసికొని నమ్ముమని మేము చెప్పము. చదువుకొన్న మనుమడు తాతగారి చెంత కూర్చుండి, ఏ కార్తెలో ఏ తేదీన వాన కురిసెనో, పదును ఎన్ని అంగుళములు దిగెనో పుస్తకమున వ్రాసికొనవలెను. ఏ చేనికి ఆ పేరేల వచ్చెనో కూడ అడుగవలెను. ఆ కథలలో చౌడు సంగతియు, ఊట సంగతియు దాగియుండును.

ధర్మవరమునకు చేరువనున్న నిమ్మలకుంట తోలుబొమ్మలకు ప్రసిద్ధము. ఆ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. దీపములకు తొడుగులుగా అమ్ముడుపోవుచున్నందున అచ్చట తోలుపై బొమ్మలు చెక్కు పని నిలిచియున్నది. రాత్రియెల్ల రామాయణ మాడించుటకు పిలుచు ఊళ్లు మాత్రము తగ్గినవి. కూడు పెట్టని విద్యను పిల్లలు నేర్వలేదని కోపగించి ఫలమేమి?

కాబట్టి మన సంఘములు ఏరువాకకు ముందు రెండుమూడు దినములు వృద్ధులైన తల్లులకు పూర్తికూలి యిచ్చి, బాలురకును బాలికలకును ఈ పని నేర్పింపవలెను. అభిమానముకొలది ఊరకే నేర్పుడని వారి నడుగుట మాకు మర్యాదగా దోచదు. చదునైన కళ్లమున గొర్రును నేలకు తగిలీ తగులకుండ నడిపింపుడు. గింజలు పైననే పడియుండును గనుక పిల్లలే లెక్కపెట్టుకొందురు. గుత్తిరకపు వేరుసెనగ సాలున మీటరునకు పది గింజలు పడవలెను. మొదటినాడు ఒకచోట ఇరువదియు, ఒకచోట మూడును పడినను ఎవరును నవ్వరాదు.