సువార్త ప్రసారాలు - భాషా సమస్య

క్రైస్తవ ప్రచార సాధనాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన సభల్లో వినిపించే మాట ఒక్కటే: అదంతా డాలర్ల మహిమ, సామ్రాజ్యవాద కుట్ర. ఈ మాటలో నిజం లేదని నేననను. కాని అది సగం నిజం. మిగతా సగం భాషకు సంబంధించింది. రచయితలమైన మనం దాన్ని దాటవేయడానికి వీల్లేదు. ఫార్ ఈస్ట్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ అనే ప్రొటెస్టెంటు రేడియో సంస్థ ఎదిగిన తీరును ఇందుకు ఉదాహరణగా తీసుకుంటాను.

ముందు ఆ మొదటి సగం సంగతి. యుద్ధం ముగిసిన కొద్ది నెలలకే, 1945 డిసెంబరులో, రాబర్ట్ బౌమన్, జాన్ బ్రోగర్, విలియం రాబర్ట్స్ అనే ముగ్గురు అమెరికన్లు ఈ సంస్థను స్థాపించారు. 1948 జూన్ 4న మనీలా నుంచి తొలి ప్రసారం వెలువడింది. మరుసటి ఏడాది చైనాలో విప్లవం జయించింది. విదేశీ మిషనరీలు కొద్ది సంవత్సరాల్లోనే ఆ దేశం విడిచిపోవలసి వచ్చింది. మనుషులు వెళ్ళలేని చోటికి షార్ట్‌వేవ్ వెళుతుంది. ఐనో ఆవరణానికి తగిలి వంగి వేల కిలోమీటర్ల అవతల నేలకు దిగే ఆ తరంగాలను సరిహద్దు కాపలాదారు ఆపలేడు. 1973లో దక్షిణ కొరియాలోని చెజు దీవి నుంచి కూడా చైనా, సోవియట్ యూనియన్‌ల వైపు ప్రసారాలు మొదలయ్యాయి. ఇక బ్రోగర్ విషయం: ఈయన 1950ల మధ్యలో అమెరికా సైనిక నాయకత్వానికి సలహాదారై, 'మిలిటెంట్ లిబర్టీ' అనే కమ్యూనిస్టు వ్యతిరేక శిక్షణ పథకాన్ని తయారు చేశాడు. ప్రచ్ఛన్న యుద్ధానికీ ఈ మైకుకూ చుట్టరికం లేదని వాదించేవారికి ఈ ఒక్క పేరు చాలు.

ఫిలిప్పైన్స్ గ్రామాల్లో సంస్థ పంచిన రేడియో పెట్టెలు తమ ఒక్క స్టేషనుకే బిగించినవి. వాటికి 'పోర్టబుల్ మిషనరీ' అని పేరు కూడా పెట్టారు. ముల్లు తిప్పే స్వేచ్ఛ శ్రోతకు లేని రేడియో! ఇంతకంటే సూటి ప్రతీక మన కవుల్లో ఎవరికి దొరికిందో నాకు తెలియదు.

అయితే పెట్టెలు పంచినంత మాత్రాన మనుషులు మారతారా? వియత్నాం అనుభవం చూస్తే ఆ సమాధానం చాలదనిపిస్తుంది. అక్కడి ఉత్తరాది కొండల్లో ఉండే హ్మాంగ్ రైతులకు ఎవరూ బిగింపు రేడియోలు పంచలేదు. 1980ల చివర, మామూలు రేడియోల్లో ముల్లు తిప్పుతూ ఉండగా వాళ్ళకు తమ సొంత భాష వినిపించింది. అది మనీలా ప్రసారం. ఊళ్ళో మిషనరీ లేడు, చర్చి లేదు, మతగ్రంథం లేదు. మాట్లాడుతున్నది అమెరికాలో స్థిరపడిన ఒక హ్మాంగ్ ప్రబోధకుడు. ఆయన బైబిలును హ్మాంగుల నుడికారంలోకి, వాళ్ళ పురాగాథల్లోకి దించి చెప్పాడు. కొన్నేళ్ళలో ఊళ్ళకు ఊళ్ళే మతం మారాయి. ఈ మార్పు మీద టామ్ ఎన్గో రాసిన 'ది న్యూ వే' 2016లో వెలువడింది. వియత్నాంలోని పదిలక్షల పైచిలుకు హ్మాంగుల్లో దాదాపు మూడోవంతు ఈనాడు ప్రొటెస్టెంట్లని పరిశోధకుల అంచనా. దీని వెనుక ఆర్థిక కారణాలున్నాయి: జబ్బుకూ చావుకూ పశువుల్ని బలి ఇవ్వవలసిన ఆచారం పేద కుటుంబాలను అప్పులపాలు చేసేది, కొత్త మతం ఆ భారం దించింది. ఆ కబురు అర్థమయ్యే భాషలో వచ్చింది కనుకనే అది కబురైంది.

వియత్నాం ప్రభుత్వం దీన్ని శత్రువుల పన్నాగంగా చూసి కూటాలను అణచింది, మతం వదలమని ఒత్తిడి చేసింది. 2005 తరువాత కొంత సడలించింది. సోషలిస్టు ప్రభుత్వం కదా అని నేను ఈ అణచివేతను సమర్థించలేను. అట్లాగని రేడియోను పొగడనూ లేను. హ్మాంగు భాషను వాడుకున్న ఆ మతమే పూర్వీకుల పీఠాలను తీసివేయమంది, భూతవైద్యుడి డోలును మూలపెట్టమంది. భాషను మోసుకుపోయే వాహనంగానే చూసేవాడు ఆ భాషలోని పాటను దారిలో దించేస్తాడు.

మనకూ ఈ తరంగాలు తగిలాయి. భారతదేశంలో రేడియో చాలాకాలం ప్రభుత్వ గుత్తాధిపత్యం. ఇప్పటికీ మతసంస్థలకు ఎఫ్.ఎం. లైసెన్సులివ్వరు. అందువల్ల ఈ సంస్థకు సోదరసంస్థ అయిన ఫేబా, హిందూమహాసముద్రంలోని సీషెల్స్ దీవుల్లో పగడపు దిబ్బ మీద ఏరియల్ స్తంభాలు నిలబెట్టి 1970 నుంచి 2003 దాకా ప్రసారాలు చేసింది. వాటిలో తెలుగు ఒకటి.

తెలుగువాడికి ఆకాశవాణి ఉంది, పత్రికలున్నాయి, మనమున్నాం. మన కొండల మీది సవరలకు ఎవరున్నారు? గిడుగు రామమూర్తి పంతులు సవర నేర్చి, ఆ భాషలో వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టాడు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. వ్యావహారిక భాషోద్యమ పితామహుడని ఆయన్ను ఏటా ఆగస్టు 29న స్మరిస్తూనే ఉన్నాం. శ్రీకాకుళ గిరిజనోద్యమం మీద మనం కవిత్వం రాశాం, కథలు రాశాం, నవలలు రాశాం. దాదాపు అన్నీ తెలుగులోనే. వాటిని సవర శ్రోతకు వినిపించాలంటే ముందు అతనికి తెలుగు నేర్పాలి.