బొమ్మ పలుకులు – అమ్మ పలుకులు

శిశువునకు తొలి గురువు తల్లి. తొలి పుస్తకము బొమ్మ. ఏటికొప్పాక లక్కపిడతలతో, కొండపల్లి కొయ్యబొమ్మలతో ఆడుకొనిన తరములలో బొమ్మ మాటాడెడిది కాదు, మాటలన్నియు ఆడుకొనువారివే. నేడు తార్నాక అంగళ్లలో దొరకు ఎలక్ట్రానిక్ బొమ్మ అట్టిది కాదు. మీట నొక్కినంతనే అక్షరమును పలుకును, పాట పాడును, తప్పు దిద్దును. బిడ్డకు చదువు త్వరగా అబ్బునను ఆశతో తలిదండ్రులు దానిని కొనుచున్నారు. ఆ ఆశ ఎంతవరకు ఫలించునో ఉపాధ్యాయులు విచారింపవలసియున్నది.

ఈ జాతి బొమ్మలలో ప్రసిద్ధికెక్కినది 1978లో అమెరికాలోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ వెలువరించిన ‘స్పీక్ అండ్ స్పెల్’. మానవకంఠమును ఒక చిన్న చిప్పు నుండి పలికించుట ఆనాటికి అద్భుతము. యంత్రము పదమును పలుకును. బాలుడు దాని వర్ణక్రమమును మీటలపై నొక్కును. ఆంగ్లమున వ్రాత యొకటి, పలుకు వేరొకటి గనుక అట్టి సాధనము అక్కరకు వచ్చినది. తెలుగున ఆ చిక్కు తక్కువ. మన పిల్లలకు కష్టమైనవి ల–ళల, న–ణల భేదము, ఒత్తులు, దీర్ఘములు. నాలుకను ఎచట ఆనింపవలెనో ఎదుట కూర్చుండి చూపగలవారు మనుష్యులే.

నార్తర్న్ ఆరిజోనా విశ్వవిద్యాలయమునకు చెందిన అన్నా సోసా 2015 డిసెంబరులో ఒక పరిశోధనను ప్రకటించెను. పది మొదలు పదునారు నెలల ప్రాయపు బిడ్డలను, వారి తల్లినో తండ్రినో కలిపి, 26 జంటలను ఆమె పరిశీలించెను. బొమ్మల పుస్తకము చేతనున్నపుడు పెద్దలు నిమిషమునకు సుమారు 67 మాటలాడిరి. మాటాడని మామూలు ఆటవస్తువులతో 56. ఎలక్ట్రానిక్ బొమ్మతో 40 మాత్రమే. పరిశోధన చిన్నదే, కాని అందలి హెచ్చరిక పెద్దది. బొమ్మ నోరు విప్పగా పెద్దలు మౌనము వహించిరి.

పెద్దల మాట తగ్గినపుడు బిడ్డకు మిగులునది బొమ్మ మాటయే. ఆ మాట మన అంగళ్లలో తరచుగా ఆంగ్లము. తార్నాకను ఆనుకొనియున్న ఉస్మానియా ప్రాంగణమున భాషను గూర్చిన ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1918లో స్థాపితమైన ఆ విశ్వవిద్యాలయము వైద్యము, ఇంజనీరింగు మొదలగు శాస్త్రములను సైతము ఉర్దూలో బోధించి, దేశభాషలో ఉన్నతవిద్య సాధ్యమని నిరూపించినది. ఐనను ఉర్దూ ఆ రాజ్యమున అధికసంఖ్యాకుల ఇంటిభాష కాదు. ఆ చెంతనే 1958లో ఆంగ్లబోధనకై నెలకొన్న కేంద్రసంస్థ నేడు ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయము. ఆంగ్లము వలదని ఎవ్వరును అనరు. కాని 2020 నాటి జాతీయ విద్యావిధానము, వీలైనచోట, కనీసము ఐదవ తరగతి వరకు ఇంటిభాషలో బోధన సాగవలెనని చెప్పినది. బడికి ఇది తగునేని, ఊయలకు మరింత తగును గదా!

అట్లని ఎలక్ట్రానిక్ బొమ్మను త్రోసివేయనక్కరలేదు. చూపులేని బాలునకు, చదువురాని తలిదండ్రుల బిడ్డకు పలుకు సాధనము మేలు చేయగలదు. దానిని బిడ్డచేతికిచ్చి తొలగిపోవుటయే కూడదు. బొమ్మ ‘ఏనుగు’ అని పలికినంతనే మీట నొక్కి ఆపుడు. దాని తొండమెట్లుండును, అది ఏమి తినునని తెలుగున అడుగుడు. బిడ్డ తడబడుచు చెప్పునంతవరకు ఓపికతో వినుడు. తలిదండ్రుల సమావేశములలో ఉపాధ్యాయులు ఈ మాట చెప్పవలెను. ఇంట తమ్ముళ్లు, చెల్లెండ్రు గల విద్యార్థులు ఈ సాయంకాలమే ఆ పని మొదలిడవచ్చును. దానికి బ్యాటరీ అవసరము లేదు.