మీకు తెలుసా? పంపును చల్లబరిచేది పెట్రోలే!

ఇప్పటి పెట్రోలు కార్లలో ఫ్యూయల్ పంపు ట్యాంకు లోపలే మునిగి ఉంటుంది. దాని మోటారును చల్లబరిచేదీ, అరగకుండా కాపాడేదీ ఆ పెట్రోలే. అందుకే ట్యాంకు అడుగంటేదాకా బండి నడిపే అలవాటు పంపుకు చేటు.

సుబారు ఇంప్రెజా డబ్ల్యూఆర్‌ఎక్స్ లాంటి టర్బో కార్లకు పవర్ పెంచుకునే అమెరికా కుర్రాళ్లు గంటకు 255 లీటర్లు తోడే వాల్బ్రో పంపును ఇంటి దగ్గరే బిగించుకుంటారు. ఆ కారులో వెనక సీటు ఎత్తితే పంపు మూత కనిపిస్తుంది. పైపు విప్పేముందు లైనులో ప్రెషర్ దించాలి: పంపు ఫ్యూజు పీకేసి, ఇంజన్ దానంతటదే ఆగిపోయేదాకా నడపాలి. ఆపైన బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయాలి. ఇంత చేసినా పైపు ఊడగానే కాస్త పెట్రోలు కారుతుంది, కింద గుడ్డ పరుచుకోవాల్సిందే.

పెద్ద పంపు వేసినంత మాత్రాన పవర్ పెరగదు. ఇంజెక్టర్లు, ట్యూనింగ్ కూడా దానికి తగ్గట్టు కుదరాలి.

అన్నిటికన్నా ముఖ్యం: పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. నేలబారున పాకి, దూరంగా ఉన్న నిప్పునూ అందుకుంటుంది. మూసిన గ్యారేజీలో ఈ పని అసలు పెట్టుకోకండి.